ఊపిరిలో నూనె

హారతి ఒక్క ఊపిరికి నాలుగు మాటలకన్నా పలకలేకపోతోంది. ఐదో మాట దగ్గర దగ్గు అడ్డం పడుతోంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, వేలికి క్లిప్పు. మంచం పక్కన మిషన్ మీద అంకె తొంభై దగ్గర నిలబడలేక కిందికీ పైకీ ఊగుతోంది.

"పది నిమిషాలేనండి," అంది డాక్టర్ సుప్రియ. "ఆ అంకె ఎనభై ఎనిమిదికి దిగితే మీరు లేచి వెళ్ళిపోవాలి."

ఎస్సై తబిత తలూపి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. టైము పదకొండూ ఇరవై. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మామూలు బట్టల్లో వచ్చి ఉంటే బాగుండేదని అప్పుడు తోచింది. ఆ పిల్ల చూపు ముందు ఆమె భుజం మీది నక్షత్రాల మీదే పడింది మరి.

హారతికి పదహారేళ్ళు. పాలకొల్లు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ధవళేశ్వరం దాటాక కాలువ గట్టు మీదున్న రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం. తొమ్మిది రోజుల కిందట జ్వరం, వాంతులు, ఆయాసం మొదలయ్యాయి. వైరల్ ఫీవరని హాస్టల్లో ఐదు రోజులు మాత్రలిచ్చారు. ఆరో రోజు బాత్రూమ్ దగ్గర పడిపోతే రాజమండ్రి తీసుకొచ్చారు. ఇక్కడ నర్సు బట్టలు మారుస్తుంటే జేబులోంచి పసుపుపచ్చ హైలైటర్ పెన్ను జారిపడింది. మూత తీస్తే రాసే ములుకు లేదు. నోట్లో పెట్టుకుని పీల్చే చిన్న గొట్టం ఉంది. సుప్రియ వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసింది. కానీ పిల్లకి మాట పెగిలింది ఇవాళే.

ఆ వస్తువు ఇప్పుడు తబిత బ్యాగులో, కవరులో సీలై ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు. చూస్తే పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది.

"నీ మీద కేసు పెట్టడానికి రాలేదమ్మా. ముందు ఈ ఒక్క మాట విను. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి నిషేధం. తయారు చేసినవాళ్ళది నేరం. తెచ్చినా, అమ్మినా, దాచినా నేరమే. నీలాంటి పిల్లల చేతికి ఇలాంటివి ఇచ్చినవాళ్ళకి ఇంకో చట్టం కింద ఏడేళ్ళదాకా పడొచ్చు. నిన్ను జైల్లో పెడతారని ఎవరైనా అంటే అది అబద్ధం."

హారతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సారు... చెప్పారండి. బయటపడితే నాకే... ఏడేళ్ళని."

తబిత పెన్ను కదపలేదు. సారు. పొద్దున్నించీ స్టేషన్లో కూర్చోబెట్టిన బడ్డీకొట్టువాణ్ణి ఎవరూ సారు అనరు.

"ఏ సారమ్మా?"

పిల్ల కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది. మిషన్ ఎనభై తొమ్మిది చూపించింది. తబిత ప్రశ్న మార్చింది.

"పేరు వద్దులే. ఎప్పుడు తీసుకున్నావో చెప్పు."

"మొన్న గురువారం కాదు... ఆ ముందుది. మూడూ నలభై. ప్రాక్టికల్స్ అయ్యాక."

"గేటు బయటికి వెళ్ళావా?"

"అవుట్‌పాస్... లేదండి." ఊపిరి అందుకుని, అడక్కుండానే చెప్పింది. "నిద్ర రాదన్నారు. చదువుకోవచ్చని. మామిడిపండు వాసనొచ్చేది. సిగరెట్ కాదు... ఉత్త ఆవిరేనన్నారు."

దగ్గు తెర ముంచుకొచ్చింది. అంకె ఎనభై ఎనిమిది. సుప్రియ ఏమీ అనకముందే తబిత లేచింది.

కారిడార్లో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రెండు ఊపిరితిత్తుల నిండా, చలికాలం అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లటి మసక.

"డెంగ్యూ కాదు, కోవిడ్ కాదు, టీబీ కాదు. అన్నీ చూశాం. ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన నీళ్ళు ల్యాబుకి పంపితే, కణాల్లో నూనె బొట్లు కనబడ్డాయండి."

"నూనా?"

"నూనే. మామూలుగా ఈ గొట్టాల్లో నికోటిన్ ఉంటుంది, ఒక్కోదాంట్లో ఒకటి రెండు సిగరెట్ ప్యాకెట్లంత. ఈ వయసులో అది అలవాటైపోవడానికి ఎన్నో రోజులు పట్టదు. అదే పెద్ద ముప్పు. కానీ ఇది అది కాదు. అయిపోయిన గొట్టాన్ని ఎవరో మళ్ళీ నింపారు. చిక్కదనం కోసం ఏదో నూనె కలిపారు. కడుపులోకి వెళ్తే అరిగిపోయే నూనె, ఊపిరిలోకి వెళ్తే బయటికి రాదు. ఒకటి నింపినవాడు ఒక్కదానితో ఆగడు కదండీ?"

తబితకీ అదే భయం పట్టుకుంది. మెట్ల దగ్గర హారతి తల్లి పాపాయి గోడకానుకుని నిలబడి ఉంది. చీర చెంగు రెండు చేతుల్తో పట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగింది.

"మా పిల్ల సిగరెట్ తాగిందాండి?"

"లేదమ్మా," అంది తబిత. "చదువుకి మంచిదని చెప్పి ఆ పిల్ల చేత విషం పీల్పించారు."

* * *

కాలేజీ గేటు దగ్గర జీపు ఆగేసరికి పన్నెండూ యాభై. దసరా సెలవులకి పిల్లల బస్సులు పన్నెండింటికే వెళ్ళిపోయాయని వాచ్‌మన్ చెప్పాడు. ఎదురుగా రోడ్డవతల ముసలయ్య బడ్డీకొట్టు మూసి ఉంది. ముసలయ్య పొద్దున్నించీ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చోబెట్టింది జగపతిరాజు ఫిర్యాదు.

జగపతిరాజు డీఎస్పీగా రిటైరై, రెండేళ్ళుగా ఈ కాలేజీకి సెక్యూరిటీ డైరెక్టరుగా ఉంటున్నాడు. తబిత ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పటికీ ఆయన ముందు కూర్చోవాలంటే ఆయన చెప్పేదాకా ఆగుతుంది.

"కూర్చో అమ్మా. ఇంకా ఏం మిగిలింది? దొంగ దొరికాడు, సరుకు దొరికింది." బల్ల సొరుగులోంచి రెండు హైలైటర్ పెన్నులు తీసి పెట్టాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబీ. "పొద్దున ఆరింటికి మా గార్డులు ముసలయ్య కొట్లో పట్టుకున్నారు. ఫిర్యాదులో రాశాను, వస్తువులు నీ చేతికే ఇద్దామని ఉంచాను."

"హారతికి గొట్టం అందింది గురువారం సాయంత్రం మూడూ నలభైకి సార్. ఆ రోజు ముసలయ్య కొట్టు తియ్యలేదు."

"వాడు చెప్పాడా?"

"వాళ్ళావిడ అచ్చాయమ్మ చూపించింది. అన్నవరంలో ఆ పొద్దుటి వ్రతం టిక్కెట్టు. రాత్రి సత్రంలో గది తీసుకుని శుక్రవారం ఖాళీ చేసిన రసీదు. ఫోన్ చేసి కనుక్కున్నాను, నిజమే."

"వాడు కాకపోతే వాడి కొట్లో ఇంకొకడు."

"పిల్ల గేటు దాటలేదు సార్. అవుట్‌పాస్ పుస్తకం మీ దగ్గరే ఉంది, చూసుకోండి."

జగపతిరాజు చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "తబితా, ఇక్కడ వందలమంది పిల్లలు చదువుకుంటున్నారు. కాలేజీ పేరు పేపర్లోకెక్కితే వాళ్ళందరి పేరూ ఎక్కినట్టే. నువ్వు అది కూడా చూడాలి."

"ముందు టైము రాసుకో, మనిషి పేరు తర్వాత రాయి అని మీరే చెప్పేవారు సార్. టైము రాసుకున్నాను. ఆ టైముకి మీ మనిషి సరిపోవట్లేదు."

చేతికి గ్లౌజు తొడుక్కుని ఆకుపచ్చ పెన్ను అందుకుంది. సెల్‌ఫోన్ లైటు వేసి వాలుగా పట్టుకుంది. అడుగున, ఛార్జింగ్ పెట్టే రంధ్రం పక్కన, మెత్తటి రబ్బరు పూత మీద ఏదో తుడిచేసిన మరక. మార్కరు సిరా పోయింది కానీ అది పట్టిన చోట రంగు వెలిసిపోయింది. ఓపిగ్గా చూస్తే అక్షరం, మూడు అంకెలు. గులాబీదీ తిప్పింది. దాని మీద కూడా అలాగే. బ్యాగులోంచి హారతి పెన్ను తీసి, కవరులోంచే అడుగు భాగం లైటుకి పట్టింది.

"బీ రెండొందల పద్నాలుగు. ఏ మూడొందల రెండు. బీ నూట తొమ్మిది. ఇవి మీ హాస్టల్ గది నంబర్లు కదా సార్?"

ఆయన పెన్నుల మీదినుంచి చూపు తిప్పుకున్నాడు.

"పిల్లల దగ్గర లాక్కున్న గొట్టాల మీద వార్డెన్లు గది నంబరు రాస్తారన్నమాట. అవి ఎక్కడ పెడతారు?"

"లాకర్లో."

"పోలీసులకి ఎందుకివ్వలేదు?"

"ఇస్తే ప్రతి పిల్లాడి తండ్రీ వచ్చి నా గుమ్మంలో కూర్చుంటాడు. మేమే మందలించి సరిచేసుకుంటున్నాం."

"తెలిసి దాచిపెట్టినా ఆరు నెలలదాకా పడుతుంది సార్. చట్టంలో కాలేజీలకి మినహాయింపు లేదు." పెన్నులు మూడూ వరసగా పెట్టింది. "నాది అంతకన్నా చిన్న ప్రశ్న. లాకర్లో ఉండాల్సిన ఈ రెండూ ముసలయ్య కొట్లోకి నడుచుకుంటూ వెళ్ళాయా?"

జగపతిరాజు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే పెట్టించాను," అన్నాడు. "నంబరు కనబడట్లేదని చూసుకునే తీశాను. ఆ పిల్ల ఎక్కడో బయట కొనుక్కుందనే అనుకున్నాను, తబితా. ప్రమాణంగా అనుకున్నాను."

"వార్డెన్లు నంబరు రాయకుండా లోపల పెట్టరు కదా సార్. తుడిచేసి ఉన్నాయంటే ఎవరో వాటిని తీసి, నింపి, మళ్ళీ లోపల పెడుతున్నారు. ఆ సంగతి మీకు తెలీదు. తాళాలెన్ని?"

"రెండు. ఒకటి నాది." జేబులోంచి తాళం తీశాడు. "ఇంకోటి హరిబాబుది. కెమిస్ట్రీ ల్యాబు చూస్తాడు. డిప్యూటీ వార్డెన్ కూడా."

లాకరు పక్క గదిలో ఉంది. ఆయనే తెరిచాడు. లోపల ఒక నోట్‌బుక్కు, అట్టపెట్టె. నోట్‌బుక్కులో జూన్ నుంచి రాసిన వరసలు ఇరవై మూడు. తేదీ, గది నంబరు, వస్తువు రంగు. అట్టపెట్టెలో వస్తువులు తొమ్మిది. తొమ్మిదింటి అడుగునా రాత తుడిచేసి ఉంది.

తబిత రెండుసార్లు లెక్కపెట్టింది. హారతిది ఒకటి. ముసలయ్య కొట్లో పెట్టినవి రెండు. ఇక్కడ తొమ్మిది. ఇంకా పదకొండు కనబడాలి.

"బస్సులు వెళ్ళి ఎంతసేపైంది?" అని అడిగింది. ఆ జవాబు ఆమెకి ముందే తెలుసు.

"గంట దాటింది," అన్నాడు జగపతిరాజు.

* * *

ల్యాబులో పంపు నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. హరిబాబు తలుపుకి వీపు పెట్టి గాజు బీకర్లు కడుగుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"అందరూ సెలవులకి వెళ్ళిపోయాక కడుగుతున్నారేంటండి?" అంది తబిత.

"అలవాటండి. శుభ్రంగా ఉంచి తాళం వేసుకెళ్దామని."

ఆమె గుమ్మంలోనే ఆగి ఒకసారి గదంతా చూసింది. రెండు బీకర్లు కడిగి బోర్లించి ఉన్నాయి. మూడోది అతని చేతిలో ఉంది. చెత్తబుట్టలో పైన పాత పేపరు పరిచి ఉంది, దాని కింద ఖాళీ మందుల షీట్లు మెరుస్తున్నాయి. కిటికీ గూట్లో మిఠాయిల్లో వేసే మామిడి ఎసెన్సు సీసా. కెమిస్ట్రీ ల్యాబులో దాని పనేంటి?

బోర్లించిన బీకరు ఒకటి తీసి వెల్లకిలా తిప్పి, పంపు కింద రెండు చుక్కలు పట్టింది. నీళ్ళు గాజుకి అంటలేదు. చేమాకు మీద పడ్డట్టు గుండ్రంగా చుట్టుకుని అడుక్కి దొర్లాయి.

"సబ్బుతో మూడుసార్లు కడిగినా వదల్లేదు కదా హరిబాబు గారూ? ఆ పిల్ల ఊపిరితిత్తుల్లోంచి కూడా వదలట్లేదు."

హరిబాబు చేతిలోని బీకరు సింకులో పెట్టి పంపు కట్టేశాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కుని, దొరక్క, చొక్కాకే తుడుచుకున్నాడు.

"హారతి ఎలా ఉందండి?"

"మాట్లాడుతోంది. నాలుగు మాటలు, తర్వాత దగ్గు. మీ పేరు చెప్పలేదు. చెప్తే తనకి ఏడేళ్ళు పడుతుందని మీరు చెప్పారు కాబట్టి. చట్టం బాగానే చదివారు. ఆ ఏడేళ్ళు ఎవరికి పడతాయో అదొక్కటీ తిప్పి చెప్పారు."

అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. వెనకాల గుమ్మంలో జగపతిరాజు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని పిలవలేదు.

"అయిపోయిన గొట్టాలండి అవి. పారేసేవే. పిల్లలే వచ్చి అడిగేవాళ్ళు, సార్ మాది మాకిచ్చెయ్యండి అని. మొదట ఒకడికి ఇచ్చాను. వాడు ఇందులో ఏం లేదు సార్ అన్నాడు. సరే అని..." చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. "నూనె కలిపితే పొగ దట్టంగా వస్తుందని వీడియోలో చూశానండి. మందుల షాపులో దొరికే నూనే. మింగే మాత్రల్లోదే కదా, ఏమవుతుందనుకున్నాను. నేను కూడా పీల్చి చూశాను."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"ఆ పిల్ల రోజుల తరబడి పీల్చింది."

హరిబాబు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. తబితకి అతని మీద జాలి కలగలేదు, కోపం కూడా కలగలేదు. ఆ రెండింటికీ ఇప్పుడు తీరిక లేదు. బల్ల మీద తెల్లకాగితం పెట్టి పెన్ను చేతికిచ్చింది.

"పదకొండు మంది పేర్లు. గది నంబరొద్దు, ఊరు రాయండి. ఎప్పుడిచ్చారో తేదీ రాయండి. జైలు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు."

అతను రాశాడు. రాస్తూ మధ్యలో రెండుసార్లు ఆగాడు కానీ అడగకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. తబిత వరసగా తేదీలు చూసింది. తొమ్మిది పేర్ల పక్కన ఈ వారం తేదీలే. రెండు మాత్రం పాతవి. ఒకదాని పక్కన హారతికన్నా నాలుగు రోజుల ముందు తేదీ ఉంది. శ్రీనివాసరాజు, భీమవరం దగ్గర ఊరు.

"ఈ అబ్బాయి బస్సులో వెళ్ళాడా?"

"లేదండి," అన్నాడు హరిబాబు, తలెత్తకుండా. "జ్వరమొచ్చిందని మొన్నే ఇంటికి పంపించేశాం."

తబిత కానిస్టేబుల్‌ని పిలిచి హరిబాబుని అప్పగించింది. ల్యాబుకి సీలు వెయ్యమంది. ముసలయ్యని ఇంటికి పంపమని స్టేషన్‌కి చెప్పింది. డాక్టర్ సుప్రియకి ఫోన్ చేసి పదకొండు మంచాల మాట చెప్పింది. అటునుంచి వెంటనే, "పంపించండి. జ్వరం లేకపోయినా పంపించండి," అన్న జవాబు.

ఆఫీసు గదిలోకి వచ్చేసరికి జగపతిరాజు అడ్మిషన్ ఫైళ్ళు బల్ల మీద పరిచి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు తీసి పెట్టి ఉన్నాడు.

"సగం నేను చేస్తాను," అన్నాడు. "చేశాక నా స్టేట్‌మెంట్ రాసుకో. ముసలయ్య సంగతి కూడా అందులోనే రాస్తాను."

"రాసుకుంటాను సార్." ఆయన ఇంకేమీ కోరలేదు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఫోన్లు అందుకున్నారు. ఒక తండ్రి నమ్మలేదు. మా వాడు అలాంటివాడు కాదండి అని మూడుసార్లన్నాడు. ఒక తల్లి అప్పుడే బస్టాండులో కూతుర్ని దింపుకుంటోంది, ఫోన్ కట్ చెయ్యకుండానే పిల్ల బ్యాగు వెతికి, నీలంరంగుదండి, దొరికిందండి అంది. జగపతిరాజు గొంతు ప్రతి ఫోనుకీ కొంత తగ్గుతోంది. "తిట్టకండి, కొట్టకండి, ముందు ఆస్పత్రికి తీసుకురండి," అని ఆయన చెప్పడం తబితకి ఇటుపక్క వినబడుతూనే ఉంది.

అందరికన్నా ముందు ఆమె ఫోన్ చేసింది శ్రీనివాసరాజు తండ్రికే. మూడుసార్లు చేసింది, ఎత్తలేదు. తల్లిది స్విచ్చాఫ్. ఫైలులో అడుగున ఇంటి నంబరు ఇంకోటి ఉంది. అది చాలాసేపు మోగాక ఒక ముసలి గొంతు పలికింది.

"ఎవరండీ? నేను బంగారమ్మని. శీను వాళ్ళ నాయనమ్మని."

"కాలేజీ నుంచి మాట్లాడుతున్నానండి. శీను అమ్మా నాన్నా ఉన్నారా?"

"చెరువు మీదున్నారండి, రొయ్యల పట్టుబడి ఉంది ఇవాళ. అక్కడ ఫోన్లు పట్టించుకోరు. సాయంత్రానికి గానీ రారు."

"శీను ఎలా ఉన్నాడండి?"

"జ్వరం తగ్గిందండి, ఒళ్ళు చల్లబడింది. పొద్దున్నించీ ఆయాసపడ్డాడు. మా ఊళ్ళో డాక్టరు ఇంజక్షన్ చేసి వెళ్ళాడు. ఇందాకే నిద్రపట్టింది, లేపొద్దన్నాడండి."

తబిత కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎదురుగా జగపతిరాజు తన ఫోను చెవి దగ్గర్నించి దించాడు.

"లేపండి మామ్మగారూ. ఫోన్ పట్టుకునే మంచం దగ్గరికి వెళ్ళండి."

"పడుకున్న పిల్లాణ్ణి..."

"పోలీసుని చెప్తున్నానండి. లేపండి."

చెప్పుల చప్పుడు. తలుపు చప్పుడు. శీనూ, శీనూ అని రెండుసార్లు పిలిచిన గొంతు. మూడోసారి గట్టిగా. తబిత జగపతిరాజు వైపు చూసి, నూట ఎనిమిదికి చెయ్యండి అని పెదాలతోనే చెప్పింది. అప్పటికే ఆయన నంబరు నొక్కేశాడు, ఊరి పేరు చెబుతున్నాడు.

"పలకట్లేదండి," అంది బంగారమ్మ. గొంతు మారిపోయింది. "కళ్ళు సగం తెరిచే ఉన్నాయండి."

"ఛాతీ కదులుతోందా? చెయ్యి వేసి చూడండి."

"కదులుతోందండి. కొంచెం కదులుతోంది."

"లేపి కూర్చోబెట్టండి, ఒరిగిపోకుండా పట్టుకోండి. పక్కింటివాళ్ళని కేకెయ్యండి. బండి బయల్దేరుతోంది. పెదాలు ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పండి."

మంచం కిర్రుమంది. ఆ తర్వాత, అర్థంకాని సంగతిని అడుగుతున్నట్టుగా, ఆ ముసలావిడ నెమ్మదిగా అంది.

"నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయండి. ఇప్పుడు నేరేడుపళ్ళెక్కడివండి?"